సిగరెట్టు పెట్టెలో దొరికిన మేనత్త

కొడకండ్లలోని మా ఇంట్లో దేవుళ్ల పటాల పక్కన ఒక చిన్న అట్టబొమ్మ ఉండేది. అగ్గిపెట్టె కంటే కాస్త పొడుగు. అందులో ఒక విదేశీ పిల్ల తల్లో పూలు పెట్టుకుని, భుజాన జెండా మోస్తూ నవ్వుతుంటుంది. పైమూల కిరీటం పెట్టుకున్న సింహం. పిల్ల నుదుట మాత్రం మా నాయనమ్మ పెట్టిన కుంకుమ.

"మీ మేనత్త. దండం పెట్టు" అనేది నాయనమ్మ.

మా బాపుకు ఒక అక్క ఉండేది. చిన్నతనంలోనే జ్వరమొచ్చి పోయింది. ఆమెకు ఫొటో అంటూ లేదు. తాత పడుచు వయసులో ఉండగా కాటారం అడవికి వేటకొచ్చే దొరల డేరాల్లో వంట చేసేవాడు. వాళ్లు పారేసిన సిగరెట్టు పెట్టెల్లోని బొమ్మలు ఏరి దాచేవాడు. ఒంటెలు, పులులు, దేశదేశాల జెండాలు. తర్వాత బిడ్డ వాటితోనే ఆడుకునేదట. ఆమె పోయాక నాయనమ్మ అన్నీ ముందరేసుకుని, "గిది అచ్చం నా బిడ్డ తీర్గనే ఉన్నది" అని ఈ ఒక్కటి గోడకెక్కించింది. మిగతావి బిడ్డతోపాటే మట్టిలో పెట్టారు.

ప్రతి పెత్రమాసకు పోయినవాళ్లను తలుచుకుని ఆ బొమ్మ ముందు విస్తరి వేసేవాళ్లం. ఆ గదిలోకి ఒక్కదాన్నే పోవాలంటే నాకు భయం. ఎటు నిలబడ్డా నన్నే చూసేది.

నాయనమ్మ పోయిన చాలా ఏళ్లకు, చెల్పూర్‌లో ఉద్యోగం చేస్తుండగా, ఒక మధ్యాహ్నం ఫోనులో పాతవస్తువులు అమ్మేవాళ్లు పెట్టిన ఫొటోలు చూస్తున్నాను. మా మేనత్త కనబడింది. అదే నవ్వు, అదే జెండా. చుట్టూ అలాంటి అట్టబొమ్మల్లోనే మరికొందరు పిల్లలు, తలా ఒక దేశం జెండాతో. ఆమె నుదుట బొట్టు లేదు. కింద ఏదో దేశం పేరు రాసి ఉంది. చదవబుద్ధి కాలేదు.

ఆదివారం ఇంటికి పోయి బాపుకు చూపించాను. చూసి ఫోను తిరిగి నా చేతిలో పెట్టాడు.

"నాకెరుకే బిడ్డా. మా అక్క గిట్లుండకపోయేది. నల్లగ ఉండె. ముందటి పన్ను ఇరిగి ఉండె."

"మరి నాయనమ్మకు ఎందుకు చెప్పలె?"

"ఎట్ల చెప్త? పొద్దుగాల లేస్తే గా బొమ్మతోనే మాట్లాడేది."

ఆ ఏడు పెత్రమాసకు బాపు తనే బొమ్మను తీసి బీరువాలో పెట్టాడు. ఖాళీ గోడ ముందు విస్తరి వేశాం. ఆయన కళ్లు మూసుకుని కూర్చున్నాడు. పెదాలు "అక్కా" అని కదిలాయి.

"అగుపడ్డదా, బాపూ?"

తల అడ్డంగా ఊపాడు. "గా జెండా పిల్లనే వస్తున్నది. నల్లగ ఉండె అని నోటికి యాదికున్నది గని, మొఖం ఏడికి పోయిందో."

లేచి బీరువా తెరిచాడు. బొమ్మను తెచ్చి విస్తరి ముందు నిలబెట్టాడు.

"సల్లారుతుంది, వడ్డించు" అన్నాడు.