ఐదేళ్ల తర్వాత ఎక్కడుంటావు?

2023 వానాకాలం. ఎల్బీనగర్ చౌరస్తాకు కాస్త లోపలగా ఉన్న ఒక కాలేజీలో నేను ఎంబీఏ పిల్లలకు హెచ్‌ఆర్ పాఠాలు చెబుతాను. కంపెనీలు మనుషుల్ని ఎలా ఎంచుకుంటాయి, ఎలా నిలుపుకుంటాయి అన్న పాఠాలన్నమాట. మాది తెనాలి పక్క. పెళ్లయి దిల్‌సుఖ్‌నగర్ వచ్చి ఇన్నేళ్లయినా నా యాసా మారలేదు, నోటి దురుసూ తగ్గలేదు. ఆఖరి సెమిస్టర్‌లో పిల్లలకు మాక్ ఇంటర్వ్యూ పెడతాం. అంటే ఉత్తుత్తి ఇంటర్వ్యూ. నేను కంపెనీ మనిషిలా కూర్చుంటాను, వాళ్లు టై బిగించుకొచ్చి చెమటలు కక్కుతారు. దానికీ మార్కులుంటాయి.

ఆ మధ్యాహ్నం ముసురు పట్టి గదిలో లైటు వేసుకోవాల్సి వచ్చింది. మహేందర్ వచ్చి కూర్చున్నాడు. వాళ్లది నల్లగొండ వైపు పల్లె, ఇప్పుడు అబ్దుల్లాపూర్‌మెట్‌లో కిరాయికి ఉంటారు. క్లాసులో నోరు విప్పడు. ఇవాళ వీడితో నాకెన్ని తిప్పలో అనుకున్నాను.

“టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్,” అన్నాను.

మొదలుపెట్టాడు. ఇంగ్లీషు గడగడా వచ్చేస్తోంది. సంతోషించాల్సింది పోయి నాకు లోపలెక్కడో కలుక్కుమంది. ఆ మాటల వరుస, మధ్యలో ఆగి గొంతు సవరించుకోవడం, ‘హానెస్ట్‌లీ’ అనబోయి ‘హానెస్‌లీ’ అనడం, ఇదంతా నేను ఇదివరకే ఈ గదిలో విన్నాను. ఎవరి నోట విన్నానో మాత్రం గుర్తు రావడం లేదు.

“ఐదేళ్ల తర్వాత ఎక్కడుంటావు?” ఏ ఇంటర్వ్యూలోనైనా తప్పని ప్రశ్న ఇది.

మేనేజర్‌నవుతానని చెప్పి, చిన్నగా నవ్వి, అదే ఇంగ్లీషులో, “అప్పటికి మా తమ్ముడు ఈ కాలేజీలోనే ఎంబీఏ చేస్తుంటాడు మేడం,” అన్నాడు.

“అలాగా! మీ తమ్ముడు ఇప్పుడేం చదువుతున్నాడు?” అన్నాను మామూలుగా.

వాడు ఆగిపోయాడు. నవ్వు మాత్రం ముఖం మీద అలాగే ఉండిపోయింది.

“తమ్ముడు లేడు మేడం,” అన్నాడు తెలుగులో. “నేనే తమ్ముణ్ణి.”

పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. 

“మరి ఆ జవాబెవరిదిరా?”

“మా అన్నది. నరేందర్. ఈడనే సదివిండు. మీరే మాక్ ఇంటర్వ్యూ చేసిన్రు.”

పేరు వినగానే ముఖం కళ్లముందు నిలిచింది. 2018లో నా దగ్గర చదివిన పిల్లాడు. జవాబులు ఇంటికెళ్లి మళ్లీ వినమని అప్పట్లో పిల్లల ఫోన్లలోనే రికార్డు చేయించేదాన్ని.

“ఇప్పుడెక్కడున్నాడు?”

“లేడు మేడం. ఉద్యోగంల చేరిన ఏడాదికే పెద్ద అంబర్‌పేట్ కాడ బండి యాక్సిడెంట్ అయింది. గా రికార్డింగ్ మా తాన ఉంది. అది ఇనుకుంటనే నేర్సుకున్న. నేను ప్రాక్టీస్ చేస్తుంటే అమ్మ ఒంటింట్లకెల్లి ఇంటది. ‘ఇంకోపారి చెప్పు బిడ్డా’ అంటది. మొదట్ల అమ్మ కోసమే చెప్పిన. ఇప్పుడు ఇంగ్లీషుల నోరు తెరిస్తే అన్న మాటే ఒస్తది. నా మాట ఒస్తలేదు.”

ఎల్లుండే క్యాంపస్ డ్రైవ్, అంటే కంపెనీ వాళ్లు కాలేజీకే వచ్చి ఉద్యోగాలిచ్చే రోజు. వాళ్ల నాన్నకు చూపు మందగించిందని కూడా చెప్పాడు. ఇంటిల్లిపాదీ ఈ ఉద్యోగం మీదే ఆశ పెట్టుకున్నారు. అక్కడా వీడు ఇదే అప్పజెబితే రెండో ప్రశ్నకే దొరికిపోతాడు. పోనీ, ఉద్యోగం వచ్చిందే అనుకోండి, ఎవరికి వచ్చినట్టు?

“ఏదీ, వినిపించు,” అన్నాను. అనకుండా ఉండాల్సింది.

ఫోన్లోంచి ముందు ఫ్యాను చప్పుడొచ్చింది. కిర్రు, కిర్రు. నా తల మీద తిరుగుతున్నదీ ఆ ఫ్యానే. రెండు చప్పుళ్లూ కలిసిపోయి ఏది ఎప్పటిదో తెలియలేదు. తర్వాత నరేందర్ గొంతు. ఎదురుగా మహేందర్ పెదవులు చప్పుడు లేకుండా ఆ మాటలకు తగ్గట్టే కదులుతున్నాయి. తమ్ముడి ముక్క రాగానే ఒక ఆడగొంతు పకపకా నవ్వింది. నా గొంతే.

“సరేలేవయ్యా, మీ తమ్ముణ్ణి పంపించు. ఇదే కుర్చీలో కూర్చోబెడతా.”

అమ్మ బాబోయ్! పైన తథాస్తు దేవతలుంటారే, నోరు అదుపులో పెట్టుకోవే అని మా అమ్మ ఎంత మొత్తుకునేది!

“మీరు రమ్మన్నరనే ఒచ్చిన మేడం,” అన్నాడు మహేందర్. గొంతులో నిష్ఠూరమేమీ లేదు. అందుకే ఇంకా భయమేసింది.

ఫోను ఆపించి బల్ల మీద బోర్లా పెట్టించాను. “ఇంగ్లీషొద్దు, ఏమొద్దు. మీ అన్నకు తెలియని నీ సంగతి ఒకటి చెప్పు.”

బోర్లా ఉన్న ఫోను వైపే చూశాడు. వాన పెరిగింది.

“నాకు డీసీఎం బండి నడపొస్తది,” అన్నాడు చివరికి. “అన్న ఉన్నప్పుడు నాకు సైకిలే సక్కగ రాకపోయేది. నాయినకు కండ్లు కనబడక నేనే స్టీరింగ్ పట్టిన. పొద్దుగాల బత్తాయి లోడు బాటసింగారం మార్కెట్ల దించి, బండి ఇంటికాడ పెట్టి కాలేజ్‌కొస్త. బస్సు పెద్ద అంబర్‌పేట్ దాటెటప్పుడు కండ్లు మూసుకుంట మేడం. దినాం మూసుకుంట.”

గొంతు మారిపోయింది. బొంగురుగా, తడబడుతూ, ఇంకెవరిదీ కాని గొంతు.

“హమ్మయ్య, వచ్చావు కదరా నాయనా,” అన్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆ ముక్కలనే వాడి చేత ఇంగ్లీషులో చెప్పించాను. తప్పులున్నా దిద్దలేదు.

డ్రైవ్ రోజు వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. వాడు బయటకు రాగానే, “ఐదేళ్ల ప్రశ్న అడిగారా?” అన్నాను.

“అడిగిన్రు. పోయిన ఐదేళ్లు మా అన్న నా గురించి అనుకున్నట్టే అయినయ్ సార్, ఒచ్చేటియి నాకింకా తెల్వదు అని చెప్పిన. బండి సంగతి అడిగిన్రు, చెప్పిన. ఆఖరికి తీసుకున్రు.”

“మరి అమ్మ మళ్లీ చెప్పమంటే?”

“రికార్డింగ్ అమ్మ ఫోన్ల ఏసిన. అన్నను ఇనాలనిపిస్తే అన్ననే ఇంటది. నేను ఇగ చెప్ప.”

ఆ ప్రశ్న నేనిప్పటికీ అడుగుతాను, అడగక తప్పదు. కానీ పిల్లలు మన పాఠాలు మరిచిపోయినా, మనం ఊసుపోక అన్న మాట ఎవరింట్లోనో బతికే ఉంటుందని నాకు తెలిసొచ్చింది. వేళాకోళానికైనా ఇప్పుడు ఎవర్నీ పంపించమని అనను.

ఆ డ్రైవ్ రోజు సాయంత్రమే మహేందర్ నా గది గుమ్మంలో నిలబడ్డాడు. చూపు నా మీద లేదు, ఖాళీ కుర్చీ మీద ఉంది.

“రమ్మన్నరు, ఒచ్చిన. ఇగ పోనా?” అన్నాడు.

నన్నడిగాడో, కుర్చీనడిగాడో.

“పోనా అనకూడదు, పోయొస్తా అనాలి,” గట్టిగా కసిరాను.

“పోయొస్త మేడం,” అన్నాడు. వాడి గొంతే.