గట్టు మీద ఆగిపోయిన ఇంజను పడవ

మొన్న ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారని టీవీలో చెబుతుంటే, చేతిలో కాఫీ చల్లారిపోయేదాకా అలాగే కూర్చుండిపోయాను. "ఏంటి అమ్మమ్మా, అలా చూస్తున్నావు" అని మనవరాలు అడిగింది. మా వయసు వాళ్ళకు ఆ మాట చెవిన పడితే చాలు, తడిసిన ఇసుక బస్తాల వాసన ముక్కుకు తగులుతుంది.

నేను మండలాఫీసులో గుమాస్తాగా చేరిన ఏడే పెద్ద వరద వచ్చింది. మా మేనత్త ఏటి మధ్య లంకలో కాపురముండేది. కొబ్బరితోట, గేదెలు, అదే ఆవిడ లోకం. చిన్నప్పుడు సెలవులకు వెళితే నన్ను ముందు కూర్చోబెట్టుకుని, నొప్పి తెలియకుండా చిక్కు తీసి జడలు వేసేది. నీళ్ళు పెరట్లోకి వచ్చాక గేదెల తాళ్ళు విప్పబోతే ఆవిడను పాము కరిచిందని, అరటిబోదెల తెప్ప మీద ఎలాగో గట్టు చేరిన ఆవిడ మరిది చెప్పాడు. ఆ తెప్ప మళ్ళీ ఎదురు వెళ్ళే స్థితిలో లేదు.

మా ఆఫీసు నన్ను వరద పనికి వేసిన ఆ గట్టు మీద మనుషులకేమీ కొదవ లేదు. నీటిపారుదల వారి ఇంజను పడవ ఉంది, అందులో డీజిలు లేదు. డీజిలు పీపాలు పోలీసుల లారీలో ఉన్నాయి, ఇంకొకరికి ఇవ్వాలంటే పైనుంచి ఆర్డరు రావాలన్నారు. పాముకాటు మందుతో రాజమండ్రి నుంచి వచ్చిన డాక్టరు గారు పడవ ఎవరిస్తారో తెలియక చెట్టు కింద నిలబడి ఉన్నారు. వీళ్ళంతా కేక వేస్తే వినిపించేంత దూరంలోనే ఉన్నారు. నేను కుచ్చిళ్ళు ఎగదోపుకుని బురదలో ఒకరి దగ్గర నుంచి ఒకరి దగ్గరకు తిరుగుతూనే ఉన్నాను గాని, కొత్త గుమాస్తా మాట ఎవరికి ఎక్కుతుంది.

బియ్యం వర్తకం చేసే మా బాబాయి అప్పుడే పులిహోర పొట్లాలు దింపిస్తున్నాడు. మేనత్త ఆయనకు సొంత అక్క. నేను చెప్పింది విని, కాసేపు ఏటికేసి చూసి, డాక్టరు గారి చెయ్యి పట్టుకుని పోలీసుల లారీ దగ్గరున్న ఇన్‌స్పెక్టరు గారి ముందుకు తీసుకెళ్ళాడు. పడవవారినీ అక్కడికే పిలిచాడు.

"మందు ఈయన దగ్గరుందండి, పడవ వాళ్ళదండి, డీజిలు మీదండి. అవతల ఉన్నది మా అక్కండి. మీరు ముగ్గురూ ఒక్కసారి మాట్లాడుకోండి, నేనింకేమీ అడగను" అన్నాడు.

ఇన్‌స్పెక్టరు గారు ఆర్డరు కోసం ఇక చూడలేదు. వెంటనే పీపా దింపమన్నారు.

పడవ చేరేసరికి మేనత్త పక్కింటివాళ్ళ డాబా మీద ప్రాణం విడిచి ఉంది. డాక్టరు గారు నాడి చూసి మందుపెట్టె మూసేశారట. డాబా మీదున్న పిల్లా పెద్దా అందరినీ అదే పడవ ఒడ్డుకు చేర్చింది. ఆవిడను ఆఖరున తెచ్చారు. బాబాయి ఆ సాయంత్రం కూడా పొట్లాలు పంచుతూనే ఉన్నాడు.

ఇప్పుడు అన్ని శాఖలవారూ ముందే ఒక గదిలో కూర్చుంటున్నారు, నీళ్ళు రాకముందే లంకలు ఖాళీ చేయిస్తున్నారు. మంచిదే. కానీ ఆ తరువాతి వరదలకు మేనత్త వాళ్ళ లంక కొంచెం కొంచెంగా కోసుకుపోయి, ఆవిడ కొబ్బరితోట ఉన్నచోట ఇవాళ ఏరే పారుతోంది. అక్కడికి పడవ పంపమని అడిగేవాళ్ళే లేరు.