రొట్టె చేతికి, ఉప్పు పీటకు

స్మృతివ్యాసానికి ఒక క్రమం కలదు. మొదట మరణవార్త, పిదప సుగుణాలు, తుదకు తీరని లోటు. ఈ వరుస తప్పిన వ్యాసం చెల్లదు. కావున తెలియజేయునది ఏమనగా, మా వదినగారు గత నెల సూర్యాపేట ఆసుపత్రిలో కన్నుమూశారు.

ఆమెది బెలారుస్ దేశం. వైద్యవిద్యకై అక్కడికి వెళ్లిన మా అన్న, పట్టాతోపాటు ఆమెనూ వెంటబెట్టుకొని మిర్యాలగూడ వచ్చాడు. రైసుమిల్లు వెనుక మా మేడగదిలో ఆమె తన దేశపు గ్రంథాలయాన్నీ మ్యూజియాన్నీ నెలకొల్పారు. ఎర్రదారంతో కుట్టిన తెల్లని తువాళ్లు, వాళ్ల అమ్మమ్మ చెక్క గరిటెలు, రెండు బీరువాల పుస్తకాలు. పుస్తకం ఇంటికి తీసుకుపోవడానికి నిబంధనలు పకడ్బందీగా ఉండేవి. ఆ భాష చదివేవారు మాత్రం ఊరంతటికీ ఆమె ఒక్కరే. అడిగినవారికి చదివి, తెలుగులో చెప్పేవారు.

"మా భాష మా దేశంలనే తగ్గిపోతుంది. గీడ ఒక్క గదిలనన్న ఉండనియ్," అనేవారు.

ప్రారంభోత్సవానికి మిల్లులో పనిచేసే ఆడవాళ్లు వచ్చారు. తమ దేశాచారం ప్రకారం వదినగారు గుమ్మంలో నిలబడి రొట్టె, ఉప్పు వాళ్ల చేతికి అందించబోయారు. అందరూ వెనక్కి జరిగారు.

"ఉప్పు చేతికియ్యకు డాక్టరమ్మా, కొట్లాటైతది!" అంది ఒకామె.

"మా దిక్కు ఇయ్యకుంటేనే కొట్లాట!"

ఉభయపక్షాల చర్చల అనంతరం రొట్టె చేతికి, ఉప్పు పీట మీదికి అని ఒప్పందం కుదిరింది. నాటి నుండి ఉల్లంఘన లేదు.

మిర్యాలగూడ వరిగడ్డితో ఆమె తమ పద్ధతిలో ఒక అల్లిక చేసి గది కప్పుకు వేలాడదీశారు. "ఫ్యాన్ వెయ్యకు. మనుషులుంటే వాళ్ల ఊపిరికే తిరుగుతది," అనేవారు.

పెద్దకర్మ నాడు కోదాడ నుంచి వచ్చిన మా బాబాయి, "చదివే మనిషే పోయింది. గది ఖాళీ చేసి కిరాయికిచ్చెయ్యరా," అన్నారు. అన్న లేచాడు. ఆఖరుసారి చూద్దామన్నట్టు పైకి వెళ్లి తలుపు తీశాడు. మిల్లు ఆడవాళ్లు మెట్లెక్కి వచ్చి గుమ్మం బయటే ఆగారు.

"రొట్టె ఏది సారూ? గది తెరిసి రొట్టె పెట్టకుంటే లోపలికెట్లొస్తం?"

అన్న వంటింట్లోంచి జొన్నరొట్టె తెచ్చి ఎర్రకుట్టు తువాలు మీద పెట్టాడు. ఉప్పు పీట మీద ఉంచాడు. బాబాయి కూడా వరుసలో నిలబడి, ఉప్పద్దుకొని తిని, లోపలికి వెళ్లారు. కిరాయి ప్రస్తావన మళ్లీ రాలేదు. గది నిండింది. కప్పుకు వేలాడే వరిగడ్డి అల్లిక మెల్లగా తిరగసాగింది.

తీరని లోటును గూర్చి రాయవలసిన చోట ఈ నియమం రాయడమైనది: అల్లిక తిరగడం ఆగేవరకు సందర్శకులెవరూ గది విడిచి పోరాదు. లోపల మనుషులున్నంతసేపూ అది ఆగదన్న అభ్యంతరం పరిశీలించి తోసిపుచ్చడమైనది. ఇదే అంతిమం.