అత్త తినే సద్ది

ప్రొద్దుటూరులో మాకు చీరల కొట్టుంది. పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం కింది అరలో చీర తీద్దామని వంగితే కళ్లు తిరిగి అక్కడే కూలబడ్డాను. నడుము లావెక్కిందని నవ్వుకునేదాన్నే గానీ, అది జబ్బనుకోలేదు.

నా పుట్టిల్లు పులివెందుల. మా అమ్మను చూసే డాక్టరమ్మ దగ్గరికే వెళ్లాను. బీపీ, రక్తంలో కొవ్వు ట్రైగ్లిజరైడ్స్, ఫాస్టింగ్ షుగర్ అన్నీ ఎక్కువే. నడుము కొవ్వుతో ఇవన్నీ కలిస్తే “మెటబాలిక్ సిండ్రోమ్” అని చెప్పి షుగర్‌కు మెట్‌ఫార్మిన్, బీపీ మాత్ర రాశారు. పొద్దున ఏం తింటారని అడిగారు. హోటలు దోసెలు, పూరీలు అన్నాను.

“మీ ఇంట్లో సద్ది తినరా?”

నాకు అత్త గుర్తొచ్చింది.

మా అత్త, అంటే మా ఆయన తల్లి, అప్పటికి మూడేళ్ల ముందు దాకా మాతోనే ఉండేది. రాత్రి మిగిలిన రాగిసంగటి మజ్జిగలో నానబెట్టి, పొద్దున ఆ సద్దిని కొట్లో ఓ మూల కూర్చుని ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ, కొరుక్కుంటూ తినేది. ఒకరోజు పెళ్లి పట్టుచీరలకు వచ్చినవాళ్ల ముందే, “వాసనొస్తాంది, లోపలికి పోయి తిను అత్తా” అన్నాను.

“కడుపులోకి పోయేదానికి సిగ్గేంది పాపా?” అంది. ఆ నెలలోనే జమ్మలమడుగులో కూతురింటికి పోయింది. నేను రమ్మని పిలవనూ లేదు. ఎంత పొగరు నాకు.

డాక్టరమ్మ విడమరిచి చెప్పారు. “వండి చల్లార్చితే అన్నంలో, సంగటిలో కొంత పిండిపదార్థం రెసిస్టెంట్ స్టార్చ్ అవుతుంది. అది చిన్నపేగులో అరగదు. పెద్దపేగులో మంచి బ్యాక్టీరియాకు తిండి అవుతుంది. షుగర్ అదుపుకు కొందరికి కొంత సాయం చేస్తుంది, అందరికీ ఒకేలా ఉండదు. కొంచెం కొంచెం సద్ది తిని చూడండి.”

నేను ఊరుకుంటేనా! మర్నాటి నుంచి గిన్నెడు సద్ది తిని, మాత్రలు మానేశాను. నెల తిరిగేసరికి కడుపుబ్బరం వచ్చింది, షుగర్ ఇంకా పెరిగింది. “సద్ది తినమన్నాను గానీ మాత్రలు మానమన్నానా?” అని డాక్టరమ్మ గట్టిగానే కోప్పడ్డారు.

ఇంటికొచ్చి అత్తకు ఫోన్ చేసి, ఎంత తినాలని అడిగాను.

“పిడికెడు సంగటి, గ్లాసు మజ్జిగ, శానా వద్దు. ఆ పొద్దు వాసనొచ్చె గదా, డాక్టరు చెప్పినాక పోయిందా?”

నవ్వుతూనే అంది. నాకే ఏడుపొచ్చింది. తప్పైపోయింది, ఇంటికి రా అత్తా అన్నాను.

“నాకీడ బాగుండాది పాపా. నువ్వు మాత్రలు మింగు.”

ఇప్పుడు మాత్రలు మానడం లేదు, సాయంత్రం నడుస్తున్నాను. షుగర్ కొంత దిగింది. నేను చెప్పగలిగేది ఒక్కటే: సద్ది దోసెకు బదులు తినండి, మాత్రకు బదులు కాదు.

కొట్లో అత్త కూర్చునే మూలలోనే, వచ్చేవాళ్లందరి ముందే తింటున్నాను. చూడాల్సిన మనిషి మాత్రం జమ్మలమడుగులో ఉంది.