మెడ స్కానింగ్ అయినవాళ్లకు ఎదురెళ్లాను

2024, మిరప కోతల కాలం. అప్పటికే నరసరావుపేటలో ఒక స్కానింగ్ సెంటర్‌లో ఆయాగా చేస్తున్నాను, ఇప్పుడూ అక్కడే. నాకు సంతకం వరకే వచ్చు; నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. పేషెంట్‌ను బల్ల మీద పడుకోబెట్టడం, జెల్ రాయడం, అయ్యాక తుడవడం నా పని. జెల్ అంటే చల్లటి జిగురు, అది రాస్తేనే మిషన్‌కు లోపలిది కనబడుతుంది.

ఆ రోజు నకరికల్లు వైపు నుంచి వెంకట్రావు అనే రైతు, భార్య అంజమ్మ వచ్చారు. పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే ఆయన కుడిచెయ్యి వాలిపోయిందట, మాట ముద్దగా వచ్చిందట. కాసేపటికే అంతా మామూలైంది. వాళ్ల డాక్టరు మెడకు డాప్లర్ రాశాడు. మెడలోంచి మెదడుకు పోయే రక్తనాళాన్ని చూసే స్కానింగ్ అది.

"చెయ్యి పడిపోతే మెడకు ఫోటో ఏంది?" అని నవ్వుతూనే పడుకున్నాడు.

మా సెంటర్ డాక్టరమ్మ మెడకు ఎడమ పక్కన ప్రోబ్, అంటే మిషన్ పిడి, ఆనించింది. గబగబా ముగించే మనిషి ఒకే చోట ఆగిపోయింది. ఆమె అలా ఆగిందంటే లోపల ఏదో ఉన్నట్టే.

నాళం గోడకు కొవ్వు పట్టిందని, దాన్ని ప్లాక్ అంటారని ఆమె విడమరిచి చెప్పింది. గట్టిపడినదైతే కొంత నయం, ఇది మెత్తటిది, పైన పగిలింది. పెళ్ల ఊడి మెదడుకు పోతే పక్షవాతమే. ఇప్పుడే గుంటూరు పొమ్మంది. అంబులెన్స్ పిలుస్తానంటే, బయట ఆటో ఉందిలెమ్మన్నాడు.

ఆమె పక్క గదికి పోయింది. నేను జెల్ తుడుస్తుంటే ఆయన అంజమ్మతో మెల్లిగా అన్నాడు: "గుంటూరూ లేదు, ఏం లేదు. కల్లంలో కాయలున్నాయి. మన ఊళ్లో సాంబయ్యతో మెడ లాగించుకుంటే సరిపోద్ది."

మెడ పట్టేస్తే మా వైపు చేయించుకునే పనే అది. తల పట్టుకుని టక్కున తిప్పుతారు; ఆ పెళ్ల ఊడటానికి అది చాలు. గుడ్డ నా చేతిలోనే ఆగిపోయింది. "వద్దు అన్నా" అని నేనంటే, "నీకేం తెలుసమ్మే" అని లేచాడు. పక్క గది తలుపు కొట్టాను. ఆగమన్నారు. వాళ్లు మెట్లు దిగుతున్నారు.

నేను మొగుడు పోయినదాన్ని. ఎవరైనా బయల్దేరుతుంటే పక్కకు తప్పుకోవడమే నాకు తెలుసు. ఆ రోజు వెనక మెట్ల మీద నుంచి ఉరికి, ఖాళీ బకెట్‌తో వీధి గుమ్మంలో ఎదురెళ్లాను.

అంజమ్మ ఆయన్ను వెనక్కి లాగింది. "ఇప్పుడే టైము దొరికిందా నీకు ఎదురు రావడానికి? బోడి మొహం, పైగా ఖాళీ బకెట్టు."

చానా తిట్టింది. నేను గుమ్మంలోంచి కదల్లేదు. "కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగి పోండి వదినా" అన్నాను.

బెంచీ మీద కూర్చున్నారు. అంజమ్మ నీళ్ల సీసా మూత తీసి ఆయనకిచ్చింది. ఆయన వేళ్లు సీసాను పట్టలేదు. నీళ్లు ఒళ్లో పోయాయి, నోరు ఒక పక్కకు జారింది. భార్యను పిలవబోయాడు, పేరు రాలేదు.

నా కేకకు డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చింది. అంబులెన్స్ ఎక్కేదాకా అంజమ్మ నా చెయ్యి వదల్లేదు. గుంటూరులో మెడ కోసి కొవ్వు తీశారు. చెయ్యి కాస్త బలహీనమే గాని మనిషి నడుస్తున్నాడు.

ఈ జబ్బు నొప్పి పెట్టదు, అదే దాని మోసం. చెయ్యి తిరిగొచ్చిందని ఇంటికి పోవద్దు, మెడ ఎవరి చేతికీ ఇవ్వొద్దు. గుంటూరు పొమ్మన్నా వినకుండా ఆ గదిలోంచి ఇంటిదారి పట్టేవాళ్లకు ఇప్పుడు నేను తప్పుకోను, ఎదురెళ్తాను. తిట్టుకుంటూ కూర్చుంటారు. డాక్టరమ్మ వచ్చేదాకా, నోరు పక్కకు జారుతుందేమోనని వాళ్ల మొహాల వైపే చూస్తూ నిలబడతాను.