మగ్గం గుంత ఇల్లు కాదట

గద్వాలలో మా ఇంటి గడప వీధికంటే మూడు మెట్లు ఎత్తు. ఆ మెట్లు మా ఆయన తన చేతులతో కట్టాడు. ఎంత వాన పడ్డా నీళ్లు మొదటి మెట్టు దాటవు. ఇంటికొచ్చిన వాళ్లకు చాయ్ కంటే ముందు ఆ సంగతి చెప్తాడు.

కానీ మాది గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించి నేస్తాం. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే దాని అడుగు నుంచి నీళ్లు ఊరుతాయి. నేను చెంబుతో తోడుతుంటాను. ఆయన కాళ్లకు ప్లాస్టిక్ కవర్లు కట్టుకుని నేస్తుంటాడు. చెమ్మకు పడుగు గంజి మెత్తబడి, ఆ నిలువు పోగులు ఒకదానికొకటి అంటుకుని పుటుక్కున తెగుతాయి. ఏటా వానాకాలంలో ఒక పడుగైనా కోసి పారేయాల్సిందే.

పోయిన ఏడు చీర సగంలో ఉండగా మళ్లీ ఊట మొదలైంది. అప్పుడే మునిసిపాలిటీ నుంచి ఒకమ్మాయి కాగితాలతో వచ్చింది. ఏ ఇళ్లలోకి వాన నీళ్లు వస్తున్నాయో రాసుకుని, ఆ వీధుల్లో ముందుగా నీళ్లు పోయే మోరీ తవ్విస్తారట. మా వెనక గోడ పక్కన నిలిచే నీళ్లకు దారి దొరికితే పడుగు దక్కుతుందని నాకు ప్రాణం లేచొచ్చింది.

“మీ ఇంట్ల నీళ్లొస్తయా, పెద్దనాయనా?”

పిక్కల దాకా నీళ్లలో కూర్చున్న మా ఆయన, “మా ఇంట్లకా? బయట మెట్లు జూసినవా బిడ్డా? నేనే కట్టిన” అన్నాడు.

అమ్మాయి రాసుకుని, సంతకం పెట్టమని కాగితం నాకిచ్చింది. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, చదవకుండా దేని మీదా పెట్టను. ‘నీరు: రాదు’ అని ఉంది.

“ఏమయ్యా, నీ కాళ్లు యాడున్నయి?”

“గుంతల.”

“గుంత యాడుంది?”

“మగ్గం కింద. నువ్వు జర ఊకోరాదే! గుంత ఇల్లెట్లయితది? ఇంట్లకు నీళ్లొచ్చుడంటే గడప దాటి వచ్చుడు.”

ఆయన ఒక్కడే కాదు. అప్పటికే మా వీధిలో మగ్గాలున్న ఎనిమిది ఇళ్లవాళ్లు ఆ అమ్మాయికి ఇదే చెప్పి పంపించారు.

ఆయన్ని లేపి, ఆ పిల్లను మగ్గం ముందు కూర్చోబెట్టాను. కాళ్లు దించింది.

“అమ్మో పెద్దమ్మా! గింత సల్లగున్నయి! ఏందో కదులుతుంది!”

“కప్ప. ఏమనదు. పొద్దటి సంది మా ఆయన దగ్గర నేత నేర్చుకుంటుంది.”

ఆమె ‘రాదు’ కొట్టేసి, ‘జానెడు’ అని రాయబోయింది. మా ఆయనకు అంతలోనే రోషం వచ్చింది. “జానెడెక్కడిది? జానెడు మీద నాలుగు వేళ్లు! సక్కగ కొలువు.” ఆ తర్వాత ఆమెకంటే ముందు తనే ఆ ఎనిమిది ఇళ్లకూ నడిచాడు. “ఓ వదినా, నీళ్లు లేవన్నవంట! గుంత సూపియ్యి!”

ఆ పడుగు దక్కలేదు. ఎండాకాలంలో మోరీ మా వీధి నుంచే మొదలుపెట్టారు. ఈ ఏడు కొత్త పడుగు ఎక్కించాక ముసురు పట్టింది. నాలుగో రోజు ఇద్దరం పని ఆపి, గుంతలోకి వంగి చూశాం. ఆయన చెయ్యి పెట్టి అడుగున మట్టి తీసి నలిపాడు. పొడిపొడిగా రాలింది.