గుట్ట అవతల ఒక నిద్ర

మా ఆయన పోయిన తర్వాత, వానలు వెనకబట్టి చలి మొదలయ్యేదాకా నేను ఎవరింటి గడపా తొక్కలేదు. తొక్కకూడదు. మా వైపు భర్త పోయిన ఆడదాన్ని దినాలయ్యాక పుట్టింటివాళ్లు వచ్చి తీసుకుపోతారు. ఒక రాత్రి తమ ఇంట్లో పడుకోబెట్టి తెల్లారి పంపిస్తారు. దాన్ని నిద్ర అంటారు. ఆ మొదటి నిద్ర కానంతవరకు ఆమె ఇంకెవరింట్లోకీ పోరాదు. పోతే ఆ ఇంటికి మంచిది కాదంటారు. కూతురిల్లయినా అంతే.

నాకు పుట్టిల్లంటే ఇప్పుడు తమ్ముడే. అవ్వా బాపూ ఎప్పుడో పోయారు. తమ్ముడు మస్కట్‌లో పని చేస్తాడు. బావను మట్టి చేసే రోజుకు రాలేకపోయాడు. ఆ రోజు ఫోన్‌లో చాలాసేపు ఏడ్చి, "నిద్రకు నేనే వచ్చి తోలుకపోత అక్కా. ఇంకెవ్వలు అద్దు. నెల రోజులల్ల ఛుట్టీ ఇస్తరు" అన్నాడు. సెలవు దొరకలేదు. పైనెల అన్నారు, మళ్లీ పైనెల అన్నారు. వాడి బదులు మరదలు వచ్చి తీసుకుపోయినా సరిపోయేది. కానీ బావను ఆఖరిసారి చూసుకోలేదు, ఈ ఒక్కటైనా తన చేతుల మీదుగా జరగాలని వాడి పట్టుదల. కాదనడానికి నాకు నోరు రాలేదు.

ఊళ్లో ఎవరూ నన్ను దూరం పెట్టలేదు. ఎదురింటామె రోజూ పొద్దున గ్లాసు పట్టుకుని వచ్చేది. "చాయ్ తీస్కో అక్కా. రమ్మంటే నువ్వు రావు, రమ్మనకుంటే నాకు మనసున పట్టది" అనేది. నేను తాగేదాకా గోడకు ఆనుకుని నిలబడి, గ్లాసు తీసుకుని వెళ్లిపోయేది. సాయంత్రం వాళ్లింట్లో టీవీ పెట్టేవాళ్లు. అందరూ ఒక్కసారిగా నవ్వడం నా వాకిట్లోకి వినిపించేది. ఎందుకు నవ్వారో తెలిసేది కాదు. శ్రీరాంపూర్ నుంచి కూతురు వచ్చి కొన్నాళ్లుంది. అల్లుడికి బొగ్గు బాయిలో డ్యూటీ, పిల్లలకు బడి. ఎన్నాళ్లుంటుంది? పోతూ పోతూ "నాతోని రావే అవ్వా" అని చెయ్యి పట్టుకుంది. "నిద్ర కాలే గద బిడ్డా" అన్నాను.

అప్పుడు సైకిల్ తీశాను. అది కూతురు బడికి తొక్కిన సైకిల్. కొట్టంలో ఎరువు సంచుల వెనక ఉండేది. లక్సెట్టిపేటలో కొత్త ట్యూబులు వేయించాను. తొక్కడం నాకు చిన్నప్పుడే వచ్చు. బాపు సైకిల్ మీద, సీటు అందక, నడిమి కడ్డీ కింది నుంచి కాలు దూర్చి తొక్కేదాన్ని. తమ్ముడు వెనక క్యారియర్ పట్టుకుని పరుగెత్తేవాడు. మళ్లీ ఇన్నేళ్లకు ఎక్కితే మొదటి రోజు చేను దాకా పోయేసరికి తొడలు వణికాయి. ఒకరిద్దరు నవ్వారు. "ముసలితనంల సోకులు" అని ఒకామె అన్నది, నాకు వినిపించాలనే.

నేను పోయింది సోకుకు కాదు. ఇంట్లో కూర్చోలేను, ఇంకొకరింటికి పోలేను. రోడ్డు మాత్రం ఎవరిదీ కాదు.

మా ఊరు దాటితే ప్రాజెక్టు నీళ్ల పక్కనుంచి రోడ్డు వంపులు తిరుగుతూ గుట్టల్లోకి పోతుంది. పొద్దున పూట ఉట్నూర్ పోయే జీపు ఒకటో రెండో తప్ప ఏమీ రావు. నీళ్ల మీద పొగ లేచినట్టు మంచు ఉంటుంది. అందులోంచి చేపలవాళ్ల తెప్ప బయటికొచ్చి మళ్లీ లోపలికి పోతుంది. మనిషి కనబడడు, తెడ్డు చప్పుడు వినబడుతుంది. గుట్ట మొదలైతే టేకు చెట్లు. పెద్ద పెద్ద ఎండాకులు రోడ్డు మీద పడి ఉంటాయి. చక్రం వాటి మీదుగా పోతే అప్పడాలు విరిగినట్టు చప్పుడు. కొండెంగలు మైలురాళ్ల మీద కూర్చుని పిల్లలకు పేలు చూస్తుంటాయి. నేను దగ్గరికి పోయినా లేవవు. అవి పిల్లను ఒడిలో పెట్టుకునే తీరు చూస్తూ నిలబడిపోయేదాన్ని.

నలభై దాటాక, మహిళా సంఘం వాళ్లు పెట్టిన సాయంత్రం బడిలో నేను అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పటికీ నా చదువు నెమ్మది. జీపులో పోతే బోర్డు సగం చదివేసరికి వెనక్కి పోతుంది. ఇన్నేళ్లు ఆ గుట్ట మీదున్న ఏ బోర్డునూ చివరిదాకా చదవలేదు. సైకిల్ మీద ఎత్తు ఎక్కేటప్పుడు అన్నీ చదవొచ్చు. అడవి జంతువులు దాటే చోటని ఒకటి. ముందు మలుపులున్నాయని ఒకటి. మైలురాళ్ల మీద ఊరి పేర్లు. మా పుట్టింటి ఊరి పేరు కూడా ఒక రాయి మీద ఉంది. మొదటిసారి దాన్ని పైకే చదివాను. చదివి చుట్టూ చూశాను. ఎవరూ లేరు.

రోజూ కొంచెం కొంచెం ముందుకు పోయేదాన్ని. ఎక్కడికి పోతున్నానో నాకు తెలుసు, కానీ తెలియనట్టే ఉండేదాన్ని. ఒకరోజు పొద్దున సైకిల్ నడిపించుకుంటూ గుట్ట మీది చివరి మలుపు దాకా ఎక్కాను. అక్కణ్ణించి అవతల మా పుట్టింటి ఊరి చెరువు కనిపిస్తుంది, దాని పక్కన తమ్ముడి పత్తి చేను. తెల్లగా విచ్చుకుని ఉంది. వెనక్కి తిరగాల్సింది. బ్రేకు మీద వేళ్లు పెట్టుకుని అటు దిగిపోయాను.

దిగుడు అయిపోయి చెరువు కట్ట దగ్గరికి వచ్చాక నాకు తెలివొచ్చినట్టయింది. పిలవకుండా వచ్చాను. ఇంట్లోకి పోతే ఆ ఇంటికి ఏమన్నా అయితే? దేశం కాని దేశంలో తమ్ముడున్నాడు. సైకిల్ స్టాండ్ వేసి కట్ట మీద కూర్చున్నాను. ముందుకు పోలేను. వెనక గుట్ట ఎక్కే బలం లేదు.

చేన్లో పత్తి ఏరుతున్న మరదలు చూసింది. ఒడి నిండా పత్తితో, నడుము పట్టుకుని రోడ్డు మీదికి వచ్చింది.

"వదినె, నువ్వేనా? నేనెవలో ఫారెస్టోళ్లు అనుకున్న. గుట్ట ఎక్కి దిగొచ్చినవా గీ సైకిల్ మీద?"

"ఊకెనే. ఇటు వచ్చిన."

"ఊకెనే ఎవలన్న గుట్ట దిగుతరా? పులి ఉన్న అడవిల. పా ఇంటికి, అన్నం తిందువు."

"ఎట్లొస్త పిల్లా? నిద్ర కాలే."

ఆమె ఒడిలోని పత్తి సంచిలో దులిపి, నా పక్కన కూర్చుంది.

"అన్నం గీడికి తెస్త" అని లేచి పోయింది. చెరువు కట్ట మీదే తిన్నాను. చింతకాయ తొక్కు, పెసరపప్పు. ఎదురుగా కూర్చున్న మనిషి నా పళ్లెంలో మళ్లీ అన్నం వేయడం చాలా రోజుల తర్వాత అప్పుడే. తల వంచుకుని తిన్నాను.

"నీ తమ్మునికి ఛుట్టీ ఇయ్యరు" అన్నది మరదలు. "ఎండకాలం దాకా ఇయ్యరని మొన్న చెప్పిండు. నీకు చెప్పుమని నేనంటే ఆయన చెప్పలే. నువ్వు పరేషాన్ అయితవని."

"వాడు నేనే వస్త అన్నడు గద."

"అన్నడు. గాయన వచ్చేదాక నువ్వు గిట్ల గుట్టలు పట్టుకొని తిరుగుతవా? యాడన్న పడితే ఎవలు చూడాలె?" కొంగుతో చేతులు తుడుచుకుంది. "నేను తోలుకపోత."

"ఇంటికాడికి వచ్చి పిలవాలె పిల్లా. రోడ్డు మీదికెల్లి తోలుకపోతే అయితదా?"

"గందుకే అంటున్న. లే. పోదాం మీ ఇంటికి. గాడికెల్లి తోలుకస్త."

జీపు వచ్చింది. డ్రైవర్ సైకిల్‌ను పైన వేసి తాడుతో కట్టాడు. మా ఊళ్లో దిగాం. నేను తాళం తీసి లోపలికి పోయాను. మరదలు వాకిట్లోనే నిలబడి, ఎదురింటామె కూడా చూస్తుండగా, గట్టిగా పిలిచింది.

"వదినె, నిద్రకు పోదాం పా. తోలుకపోను వచ్చిన."

నేను లోపల ఉన్నాను. ఒక నిమిషం అట్లాగే నిలబడ్డాను. ఈ పిలుపు కోసమే ఇన్నాళ్లు కూర్చున్నాను కదా అనుకున్నాను. మా ఆయన తువ్వాలు తీగ మీద ఉంది. దాన్ని మడత పెట్టి సందుగు పెట్టెలో పెట్టాను. మారుచీర సంచిలో వేసుకుని బయటికి వచ్చాను.

తిరుగు జీపు కూడా అదే. సైకిల్ మళ్లీ పైన వేయమంటే డ్రైవర్ మొహం చిట్లించాడు. "ఏందవ్వా, పొద్దటి సంది గీ సైకిల్‌కు నా జీపు మీద షికారే నడుస్తుంది."

"తెల్లారి దాని మీదనే వస్తది మా వదినె. నీ జీపుల ఊపిరాడది" అన్నది మరదలు. జీపులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ సాయంత్రం మరదలు కాళ్లకు నీళ్లిచ్చింది. కొత్త చీర పెట్టింది. తర్వాత తమ్ముడికి ఫోన్ చేసి విషయం చెప్పింది. వాడు ఊఁ అన్నాడట, పెట్టేశాడట. నేను పుట్టిన ఇల్లు కాదది, తమ్ముడు కట్టిన కొత్త ఇల్లు. గోడకు వాడి అంగీ ఒకటి వేలాడుతోంది. దాని కిందే చాప వేశారు. పడుకోగానే నిద్ర పట్టింది.

పొద్దున సైకిల్ మీదే బయలుదేరాను. చివరి మలుపు దాకా నడిపించుకుంటూ ఎక్కేసరికి ఫోన్ మోగింది. ఆ గుట్ట మీద సిగ్నల్ వచ్చేది అక్కడే. తమ్ముడు. వెనక బస్సు చప్పుడు.

"డ్యూటీకి పోతున్నవా?" అన్నాను.

"పోతున్న. నిద్రయిందా?"

"అయింది."



"నేనే తోలుకపోదామనుకున్న అక్కా."

"నువ్వొచ్చినప్పుడు మల్ల పోదాం తియ్యి."

"మల్ల పోతే అది నిద్ర గాదు గద."

నిజమే. వాడికి మిగిలింది అదొక్కటే. అది లేకుండా చేసింది నేను గుట్ట దిగడమే. దిగకపోతే ఎండాకాలం దాకా నేను ఎట్లా ఉండేదాన్నో కూడా నాకు తెలియదు.

"బావ మొఖం చూడలే. గిది సుత చెయ్యలే" అన్నాడు. ఏడవలేదు. మామూలుగానే అన్నాడు.

"మరదలు మంచిగ చేసింది రా."

"చేస్తది. నాకెరుకే. యాడున్నవు ఇప్పుడు?"

"గుట్ట మీద. మలుపు కాడ."

"ఏం కనవడ్తుంది?"

చెప్పాను. చెరువు సగం మంచులో ఉందన్నాను. చెరువు అవతలి ఒడ్డున కొంగలు దిగాయన్నాను. పత్తి ఇంకా ఒక ఏరుడు ఉందన్నాను. ఇంటి పైకప్పు మీద మరదలు ఏదో ఆరబోస్తోంది, మిరపకాయలు కావచ్చు, ఎర్రగా కనిపిస్తున్నాయన్నాను. వాడు ఊఁ కొడుతున్నాడు. ఇంకా చెప్పమన్నాడు. ఇటువైపు తిరిగి, ప్రాజెక్టు నీళ్లు, తెప్ప, నీళ్ల మధ్య మిగిలిన ఎండుచెట్లు, ఏవి కనిపిస్తే అవి చెప్పుకుంటూ పోయాను. చెప్పడానికి ఏమీ మిగలకపోతే మొదట చెప్పినవే మళ్లీ చెప్పాను. వాడు ఆపమనలేదు.

"సైట్ వచ్చిందక్కా. దిగుతున్న" అన్నాడు చివరికి. "జర మెల్లగ దిగు గుట్ట."

"సరే" అన్నాను. వాడు ఫోన్ పెట్టేశాడు. రెండు వైపులా నీళ్లు ఉన్నాయి. నేను సైకిల్ పట్టుకుని కాసేపు అక్కడే నిలబడ్డాను.